ఇంగ్లండు పల్లెపట్టులలో చారిత్రక స్థలాలు

ఇంగ్లండు అనగానే మనవారి మనస్సులో ముందుగా మెదిలేది లండను నగరం. థేమ్సు నది, పార్లమెంటు భవనం, గడియారపు గోపురం, రాజప్రాసాదం, వీటిని చూచి వచ్చినవారు ఇంగ్లండును చూచి వచ్చినామనే చెప్పుకొంటారు. ఆ మాటలో అబద్ధం లేదు గాని నిండుదనం లేదు. ఆ దేశపు చరిత్రలో పెద్ద భాగం నగరానికి వెలుపల, గొఱ్ఱెలు మేసే పచ్చిక బయళ్లలో, చిన్న చిన్న ఏటిగట్లమీద, పొలాల నడుమ సాగిపోయే కాలిబాటల ప్రక్కన ఉన్నది. కొంతకాలం క్రితం ఒక వేసవిలో కొన్ని వారాలపాటు ఆ పల్లెపట్టులలో తిరిగే అవకాశం నాకు లభించినది. చూచినవాటినన్నింటినీ ఈ కొద్ది సమయంలో వర్ణించి చెప్పడం సాధ్యం కాదు. వర్ణించడం నా ఉద్దేశం కూడా కాదు. ఆ స్థలాలు ఈనాటిదాకా ఎట్లా నిలిచినవి, వాటిని నిలిపినవారు ఎవరు, నిలుపడానికి అయిన ధనం ఎక్కడిది అనే ప్రశ్నలు నన్ను అడుగడుగునా వెంటాడినవి. వాటికి దొరికిన సమాధానాలనే మీ ముందు ఉంచుతాను.

దక్షిణ ఇంగ్లండులోని విల్ట్‌షైరు మండలంలో సాల్స్‌బరీ మైదానమనే విశాలమైన బయలు ఉన్నది. అక్కడ వలయాకారంగా నిలువబెట్టిన మహాశిలలే స్టోన్‌హెంజ్. సుమారు 5000 సంవత్సరాల క్రితం మొదట అక్కడ గుండ్రని కందకమూ కట్టా ఏర్పరచినారు. ఆ తరువాత మరి 500 ఏండ్లకు పెద్ద శిలలను నిలిపినారు. ఈ పెద్దశిలలు సగటున ఒక్కొక్కటి 25 టన్నులు తూగుతవి. రెండు నిలువురాళ్ల నెత్తిమీద ఒక అడ్డరాతిని పెట్టడమే కాదు, అది కదలకుండా నిలువురాతికి బొడిపె, అడ్డరాతికి గుంట తొలిచి, మన వడ్రంగి ద్వారబంధాన్ని బిగించినట్లు బిగించినారు. ఇనుము ఎరుగని కాలంలో, రాతితో రాతిని కొట్టి చేసిన పని ఇది. ఉత్తరాయణాంతాన పొద్దుపొడుపునకూ, దక్షిణాయనాంతాన పొద్దుక్రుంకునకూ ఎదురుగా ఆ కట్టడం ముఖం తిప్పుకొని ఉన్నది.

ఆ రాళ్లు ఎక్కడివన్నది చాలాకాలం తేలని విషయం. పెద్దశిలలలో చాలా భాగం సుమారు 25 కిలోమీటర్ల దూరాన ఉన్న వెస్ట్‌వుడ్స్ అనే అడవిప్రాంతం నుండి వచ్చినవని 2020లో శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. లోపలి వరుసలోని చిన్నరాళ్లు వేల్సు దేశపు ప్రెసెలీ కొండలనుండి, అనగా 200 కిలోమీటర్లకు మించిన దూరం నుండి వచ్చినవి. నడుమ పడి ఉన్న ఒక రాయిని పీఠశిల అంటారు. అది ఉత్తరాన స్కాట్లండు ఈశాన్యభాగం నుండి, సుమారు 750 కిలోమీటర్ల దూరం నుండి వచ్చినదని 2024లో వెల్లడి అయినది. ఆరు టన్నుల రాతిని అంత దూరం ఎందుకు తెచ్చినారో, ఎవరు తెమ్మన్నారో చెప్పే వ్రాత ఏదీ లేదు. అంత శ్రమ పడి తెచ్చినారంటే ఆ స్థలం వారికి ఎంత గొప్పదో మాత్రం మనం ఊహించుకోవచ్చును.

ఇంతటి కట్టడం 1915లో వేలంపాటకు వచ్చినదంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అది ఒక భూస్వామి కుటుంబం ఆస్తి. ఆ ఇంటి వారసుడు మొదటి ప్రపంచయుద్ధంలో 1914లో చనిపోయినాడు. మరి కొద్దినెలలకు తండ్రి కూడా గతించినాడు. ఎస్టేటును ముక్కలు చేసి అమ్మినప్పుడు స్టోన్‌హెంజ్ కూడా అందులో ఒక ముక్క అయినది. 1915 సెప్టెంబరు 21వ తేదీన సాల్స్‌బరీ పట్టణంలో జరిగిన ఆ వేలంలో సిసిల్ చబ్ అనే న్యాయవాది 6,600 పౌనులకు పాడి దానిని దక్కించుకొన్నాడు. అతడు ఆ చుట్టుప్రక్కల గ్రామంలోనే, గుఱ్ఱపుజీనులు కుట్టే కుటుంబంలో పుట్టినవాడు. మూడేండ్లు తన దగ్గర ఉంచుకొని 1918లో దానిని జాతికి దానం చేసినాడు. ఆ దానపత్రంలో రెండు షరతులు వ్రాయించినాడు. చూడవచ్చిన వారినుండి ఒక షిల్లింగుకు మించి వసూలు చేయరాదన్నది ఒకటి. పరిసర గ్రామాలవారికి ఉచితంగా ప్రవేశం ఉండవలెనన్నది రెండవది. షిల్లింగుల కాలం ఎన్నడో వెళ్లిపోయినది, ఈనాటి ప్రవేశరుసుము తక్కువేమీ కాదు. కాని ఆ ఊళ్లవారికి ఉచిత ప్రవేశం మాత్రం నేటికీ చెల్లుతున్నది. రాళ్లకు మొదటి హక్కుదారులు వాటి నీడన బ్రతికేవారే అన్న ఆ న్యాయవాది ఆలోచన నాకు ఆ శిలలంత గంభీరంగా తోచినది.

స్టోన్‌హెంజ్‌కు ఏటా పదిలక్షలకు మించిన జనం వస్తారు. మామూలు రోజులలో త్రాడు కట్టిన బాటమీద నడుస్తూ, దూరంనుండి చూచి రావలసిందే. అక్కడికి ఉత్తరంగా పాతిక ముప్పై కిలోమీటర్లు వెళితే ఏవ్‌బరీ అనే గ్రామం వస్తుంది. అక్కడి శిలావలయం స్టోన్‌హెంజ్ కన్న ఎంతో విశాలమైనది. బ్రిటనులోని శిలావలయాలన్నింటిలోనూ పెద్దది. విచిత్రమేమంటే ఆ వలయం లోపలే ఒక ఊరు ఉన్నది. ఇండ్లు, వీథి, పూటకూళ్లూ పానీయాలూ అమ్మే సత్రం, అన్నీ రాళ్ల నడుమనే. గొఱ్ఱెలు శిలలకు ఒరసుకొంటూ మేస్తుంటవి. ఎవరైనా దగ్గరకు పోయి రాతిమీద చేయి వేయవచ్చును.

ఏవ్‌బరీ రాళ్ల కథలో నాశనమూ ఉన్నది, ఉద్ధరణమూ ఉన్నది. 14వ శతాబ్దంలో గ్రామస్థులు చాలా రాళ్లను పడద్రోసి గోతులలో పూడ్చినారు. అట్లా పూడ్చిన ఒక శిల క్రింద ఒక మనిషి అస్థిపంజరం 1938లో బయటపడినది. అతని వద్ద ఒక కత్తెర, శస్త్రచికిత్సకు పనికివచ్చే ఒక పనిముట్టు, ఆ శతాబ్దపు నాణేలు ఉన్నవి. ఊరూరా తిరిగే మంగలి వైద్యుడై ఉంటాడని ఊహించినారు. తరువాత 17, 18 శతాబ్దాలలో మరొక పద్ధతి బయలుదేరినది. రాతి చుట్టూ గోయి తీసి, గడ్డి వేసి మంట పెట్టి, రాయి కాలిన తరువాత చన్నీళ్లు పోసి, సమ్మెటలతో ముక్కలు చేసి ఇండ్లకూ గోడలకూ వాడుకొన్నారు. ఆ రోజులలో విలియం స్టూక్లీ అనే పండితుడు ఏటేటా అక్కడికి వచ్చి, మిగిలిన రాళ్లకు పటాలు గీచుకొన్నాడు. ఆపగల అధికారం అతనికి లేదు. అతడు గీచిన పటాలవల్లనే ఎన్ని రాళ్లు పోయినవో మనకు తెలిసినది.

ఈ మాట వింటున్న శ్రోతలకు అమరావతి జ్ఞాపకం రాక తప్పదు. 18వ శతాబ్దం చివర అక్కడి మహాస్తూపపు దిబ్బను ఇటుకలకోసం త్రవ్వినారు. పాలరాతివలె మెరిసే ఆ శిల్పఫలకాలలో కొన్నింటిని కట్టడాలకు వాడినారు, కొన్నింటిని సున్నానికి కాల్చినారు. స్టూక్లీవలెనే కర్నల్ మెకంజీ వచ్చి, ఉన్నవాటికి చిత్రాలు వ్రాయించినాడు. మిగిలినవాటిలో ఎన్నో ఫలకాలు ఈనాడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. కాబట్టి రాళ్లను పగులగొట్టిన పాపం ఒక్క జాతిది కాదు. తన తాతల సొమ్ము తనకు తెలియకపోవడం అన్ని దేశాలలోనూ ఉన్న జబ్బే.

ఏవ్‌బరీకి మందు వేసినవాడు అలెగ్జాండర్ కైలర్. పండ్లమురబ్బా వ్యాపారంలో అతని పూర్వులు గడించిన ధనాన్ని అతడు ఈ పనికి వెచ్చించినాడు. ఆ స్థలాన్ని చాలావరకు తానే కొని, 1930ల దశకంలో త్రవ్వకాలు జరిపి, పూడ్చిన రాళ్లను తీయించి వాటి మొదటి గుంటలలోనే నిలబెట్టించినాడు. ముక్కలై పోయిన రాళ్ల చోట గుర్తుగా చిన్న కాంక్రీటు దిమ్మెలు పాతించినాడు. అయితే వలయం కనబడడానికై ఊరిలోని కొన్ని కట్టడాలను పడగొట్టించినాడు కూడా. పాతదాన్ని నిలుపబోయి బ్రతికిఉన్న ఊరిని కదిలించవచ్చునా అన్న ప్రశ్న అక్కడ నిలబడినప్పుడు నాకు కలిగినది. తేలికగా సమాధానం చెప్పగల ప్రశ్న కాదు అది. 1943లో ఆ స్థలం నేషనల్ ట్రస్టు అనే ధర్మసంస్థ చేతికి వచ్చినది.

ఆ సంస్థను గురించి నాలుగు మాటలు చెప్పవలెను. 1895లో ఆక్టేవియా హిల్ అనే వనిత, రాబర్ట్ హంటర్ అనే న్యాయవాది, హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే మతగురువు కలిసి దానిని స్థాపించినారు. లండనులోని పేదల ఇండ్లను బాగుచేయడంలో జీవితమంతా గడిపినది ఆక్టేవియా హిల్. గాలీ వెలుతురూ లేని సందులలో బ్రతికేవారికి ఆదివారంనాడైనా కూర్చుండడానికి ఒక పచ్చని చోటు కావలెనని ఆమె వాదించినది. ఆ సంస్థ మొదట కొన్న కట్టడం ససెక్సులోని ఆల్‌ఫ్రిస్టన్ అనే పల్లెలో ఉన్న ఒక పాత పూరిల్లు. 14వ శతాబ్దపు మతగురువుల నివాసం, పడిపోవడానికి సిద్ధంగా ఉన్నది. 1896లో దాని వెల 10 పౌనులు. కోటలూ మేడలూ కాదు, మొదట కాపాడినది ఒక పూరిల్లు అన్న సంగతి గుర్తుంచుకోదగినది. 1907లో పార్లమెంటు చేసిన చట్టం ఈ సంస్థకు ఒక గొప్ప అధికారం ఇచ్చినది. అన్యాక్రాంతం కారాదని సంస్థ ఒకసారి ప్రకటించిన భూమిని అమ్మడానికి గాని తాకట్టు పెట్టడానికి గాని వీలు లేదు. ఈనాడు ఆ సంస్థలో 50 లక్షలకు మించి సభ్యులు ఉన్నారు.

ఇక ఉత్తరానికి పోదాము. యార్క్‌షైరు మండలంలో స్కెల్ అనే చిన్న ఏటి ఒడ్డున ఫౌంటెన్స్ మఠం శిథిలాలు ఉన్నవి. 1132లో యార్కు నగరపు మఠంలోని భోగజీవితం సరిపడక 13 మంది సన్యాసులు బయటికి వచ్చి, ముళ్లపొదలతో నిండిన ఆ లోయలో తపస్సుకు కూర్చున్నారు. తరువాత వారు సిస్టర్షియన్ శాఖలో చేరినారు. దారిద్ర్యవ్రతం పట్టినవారు గొఱ్ఱెలను పెంచినారు, ఉన్నిని అమ్మినారు, క్రమంగా ఇంగ్లండులోని సంపన్నమైన మఠాలలో ఒకటిగా పెరిగినారు. 1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను రద్దుచేసినప్పుడు అదీ మూతపడినది. పైకప్పు సీసాన్ని కరిగించినారు, అద్దాలు ఊడదీసినారు. రాళ్లు కొన్ని ప్రక్కనే ఒక ధనికుడి భవనానికి పునాదులూ గోడలూ అయినవి. ఈనాడు చూచేవారికి కప్పులేని ఆలయం, దాని గోపురం, సుమారు 300 అడుగుల పొడుగున కమానులు కమానులుగా సాగిపోయిన ఒక నేలమాళిగ వంటి శాల కనబడుతవి. ఆ శాలలో నిలబడి మాట్లాడితే మన గొంతు మనకే తిరిగి వినబడుతుంది.

ఆ శిథిలాలకు ఆనుకొని అందమైన జలోద్యానం ఉన్నది. దానిని నిర్మించినవాడు జాన్ ఎయిస్లబీ. ఆయన ఇంగ్లండుకు ఆర్థికమంత్రిగా ఉండి, 1720లో దక్షిణసముద్ర కంపెనీ వాటాల వెఱ్ఱి పగిలి వేలాది కుటుంబాలు మునిగిపోయినప్పుడు, ఆ అక్రమంలో చేయి ఉన్నదని పార్లమెంటునుండి బహిష్కృతుడైనాడు. తిరిగి తన ఊరికి చేరి, మిగిలిన జీవితం నీటిని అద్దంవలె నిలిపే పనిలో గడిపినాడు. ఆయన కుమారుడు 1767లో మఠపు శిథిలాలను కూడా కొని తోటలో కలిపినాడు. 1986లో ఈ రెండింటినీ ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు. తపస్సుతో మొదలై, సంపదతో పెరిగి, రాజాజ్ఞతో కూలి, అపకీర్తి పొందినవాడి తోటకు అలంకారమై నిలిచిన కట్టడం అది. చరిత్ర అన్నది ఎవరి చేతులమీదుగా మనదాకా వస్తుందో చెప్పలేము.

ఇప్పుడు మన దేశంతో నేరుగా ముడిపడిన ఒక సంగతి. లింకన్‌షైరు మండలపు చదునునేలమీద టాటర్‌షల్ అనే కోట ఉన్నది. 15వ శతాబ్దంలో ఇంగ్లండు కోశాధికారిగా ఉన్న రాల్ఫ్ క్రామ్‌వెల్ ఎఱ్ఱని ఇటుకలతో దానిని కట్టించినాడు. 1911 నాటికి అది చేతులు మారి, అందులో చలి కాచుకొనడానికి శిల్పాలు చెక్కి కట్టిన రాతి పొయ్యిగూళ్లను ఊడబెరికి అమెరికాకు పంపడానికి సిద్ధం చేసినారు. ఆ వార్త విని కోటను కొని, పొయ్యిగూళ్లను వెదకి పట్టుకొని, తిరిగి వాటి స్థానంలో పెట్టించినవాడు మరెవరో కాదు, మన వైస్రాయిగా పనిచేసి వెళ్లిన కర్జన్ ప్రభువు. 1905లో బంగాళాన్ని రెండుగా చీల్చి మనవారి ఆగ్రహానికి గురి అయినవాడు ఆయనే. మన పురావస్తుశాఖను పునరుద్ధరించి, 1904లో ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం చేయించినవాడూ ఆయనే. ఇంగ్లండులో 1882నాటికే ఒక చట్టం ఉన్నా, అది యజమాని ఇష్టానికి అడ్డు రాలేనంత బలహీనమైనది. టాటర్‌షల్ కోట సంఘటన తరువాత, కర్జన్ గట్టిగా బలపరచగా, 1913లో పార్లమెంటు బలమైన చట్టాన్ని ఆమోదించినది. భారతదేశంలోని ప్రాచీన కట్టడాలను కాపాడడంలో నేర్చుకొన్న పాఠాన్ని ఆయన తన దేశానికి తీసుకొనిపోయినాడని చెప్పవచ్చును. 1925లో చనిపోతూ టాటర్‌షల్‌నూ, ససెక్సులో నీటికందకం నడుమ నిలిచిన బోడియమ్ కోటనూ నేషనల్ ట్రస్టుకు వ్రాసి ఇచ్చినాడు. డెర్బీషైరులోని కెడిల్‌స్టన్ ఆయన పుట్టిన ఇల్లు. కలకత్తాలోని గవర్నమెంటు భవనాన్ని అంతకు నూరేండ్ల ముందే ఆ ఇంటి నమూనాననుసరించి కట్టినారు. ఈనాడు ఆ ఇంటిలో మన తూర్పుదేశాలనుండి ఆయన సేకరించిన వస్తువులతో ఒక ప్రదర్శనశాల ఉన్నది.

ఇటువంటి పెద్ద భవంతులు ఇంగ్లండు పల్లెలలో ఎన్నో ఉన్నవి. 20వ శతాబ్దంలో అవి కూలిపోవడం ప్రారంభించినవి. పొలాలమీద రాబడి తగ్గినది, యజమాని చనిపోతే కట్టవలసిన మరణపు పన్ను పెరిగినది, రెండు యుద్ధాలలో వారసులు పోయినారు. వందలకొలది భవనాలను రాయీ కొయ్యా అమ్ముకొని నేలమట్టం చేసినారు. 1940లో లోథియన్ ప్రభువు నార్ఫోకులోని బ్లిక్లింగ్ అనే తన భవనాన్ని గ్రంథాలయంతో, ఎస్టేటుతో సహా ట్రస్టుకు వ్రాసి పోయినాడు. ఆ దారిన మరి ఎందరో నడిచినారు. ఒకప్పుడు దొరల విందులు జరిగిన శాలలలో ఈనాడు పిల్లలను ఎత్తుకొన్న తల్లులు, పదవీవిరమణ చేసిన గుమాస్తాలు తీరికగా తిరుగుతున్నారు.

ఆ భవంతులను చూస్తున్నప్పుడు మనబోటివారికి ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. ఈ ధనం ఎక్కడిది? సర్రే మండలంలో క్లేర్‌మాంట్ అనే ఎస్టేటు ఉన్నది. రాబర్ట్ క్లైవు దానిని కొని, అక్కడి పాత భవనాన్ని పడగొట్టించి క్రొత్తది కట్టించినాడు. అందులో సుఖపడకుండానే 1774లో చనిపోయినాడు. 1765లో మొగలు పాదుషా నుండి బంగాళా దివానీతోపాటు మన ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించినవాడు ఈ క్లైవే. అనగా శ్రీకాకుళం నుండి గుంటూరు దాకా మన తీరభూమి కంపెనీవారి చేతికి పోవడానికి దారి తీసినవాడు కట్టించిన మేడ అది. ఆ మేడ ఇప్పుడు పాఠశాల అయినది, దాని తోట ట్రస్టు పోషణలో ఉన్నది. గ్లాస్టర్‌షైరులోని సెజిన్‌కోట్ మరొక వింత. కంపెనీ కొలువులో ధనం గడించిన చార్లెస్ కాకరెల్ 19వ శతాబ్దం ఆరంభంలో అక్కడ రాగిగుమ్మటంతో, మొగలాయి చూరులతో ఒక ఇల్లు కట్టించినాడు. మన దేశమంతా తిరిగి చిత్రాలు వ్రాసిన థామస్ డేనియల్ దానికి సలహాదారు. ఇంగ్లండు వానలో తడుస్తున్న ఆ గుమ్మటం మన కంటికి పరాయి ఇంటిలో కనిపించిన బంధువువలె ఉంటుంది.

ఈ ప్రశ్న మనకు మాత్రమే తోచినది కాదు. 2020లో నేషనల్ ట్రస్టు తన పోషణలోని స్థలాలలో 93 స్థలాలకు వలసపాలనతో గాని బానిసవ్యాపారంతో గాని సంబంధం ఉన్నదని ఒక నివేదికలో తానే ప్రకటించినది. దానిమీద ఆ దేశంలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగినవి. అందమైన చోటికి విశ్రాంతికై వచ్చినవారికి ఈ పాతలెక్కలు ఎందుకని కొందరు అడిగినారు. లెక్క చెప్పని చరిత్ర చరిత్రే కాదని మరికొందరు బదులు చెప్పినారు. ఇల్లు తన కథను దాచకుండా చెప్పడంవల్ల దాని అందం తరగదని నా అభిప్రాయం.

చూచే హక్కు కూడా అక్కడివారికి ఊరకే రాలేదు. డెర్బీషైరులో కిండర్ స్కౌట్ అనే కొండబయలు ధనికుల పక్షివేటకు కేటాయింపబడి, సామాన్యులకు నిషిద్ధమై ఉండేది. 1932 ఏప్రిల్ 24వ తేదీన మాంచెస్టరు మొదలైన పట్టణాల నుండి వందలకొలది యువతీయువకులు, చాలావరకు మిల్లులలోనూ కర్మాగారాలలోనూ పనిచేసేవారు, తెలిసి తెలిసి ఆ కొండ ఎక్కినారు. ఐదుగురికి జైలుశిక్ష పడినది. 1949లో జాతీయోద్యానాల చట్టం వచ్చినది. 1951లో ప్రకటించిన మొదటి జాతీయోద్యానంలో ఆ కొండ కూడా చేరినది. మన ఉప్పుసత్యాగ్రహం జరిగిన రెండేండ్లకే అక్కడివారు తమ దేశపు కొండమీద నడవడానికై జైలుకు పోయినారని వింటే, ఆ దేశంలోనూ రెండు దేశాలు ఉండేవని అర్థమవుతుంది.

చివరగా నేను చూచిన ఒక చిన్న స్థలాన్ని గురించి చెప్పి ముగిస్తాను. ఆక్స్‌ఫర్డుషైరులో చిల్టర్న్ కొండలమీద స్టోక్ రో అనే పల్లె ఉన్నది. సుద్దకొండ కావడంవల్ల అక్కడ నీరు నిలువదు, పూర్వం వేసవి వస్తే త్రాగునీటికి కటకటగా ఉండేది. ఆ ప్రాంతంలో పుట్టిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి మన ఉత్తరాదిన చాలాకాలం పనిచేసినాడు. ఇంటిలో మిగిలిన గుక్కెడు నీళ్లు త్రాగినందుకు ఒక తల్లి తన బిడ్డను కొట్టిన సంగతిని ఆయన కాశీమహారాజు ఈశ్వరీప్రసాద్ నారాయణ్ సింహ్‌తో చెప్పినాడట. మహారాజు ఆ మాట మరువలేదు. ఆయన పంపిన ధనంతో ఆ పల్లెలో నుయ్యి త్రవ్వినారు. వెడల్పు 4 అడుగులు, లోతు 368 అడుగులు. యంత్రం లేకుండా మనుషులు దిగి త్రవ్విన నుయ్యి. 1864లో నీరు అందరికీ ఉచితంగా అందినది. నుయ్యిమీద చిన్న గుమ్మటం, దాని క్రింద చేద తోడే చక్రాలమీద బంగారువన్నె ఏనుగుబొమ్మ, నూతి నిర్వహణకు ఆదాయం కోసం ప్రక్కనే చెఱ్ఱీతోట ఏర్పరచినారు. కుళాయినీళ్లు వచ్చిన తరువాత నూతితో పని లేకపోయినా ఆ ఊరివారు దానిని పాడుబడనీయలేదు. ఈనాటికీ రంగులు వేసి ముచ్చటగా ఉంచుకొన్నారు. క్లైవు మన దేశం నుండి తీసుకొనిపోయి కట్టిన మేడనూ చూచినాను, మన దేశంవాడు ఇచ్చి త్రవ్వించిన నుయ్యినీ చూచినాను. మేడ దగ్గర కలుగని తృప్తి ఆ నూతిచప్టామీద కూర్చున్నప్పుడు కలిగినది.

అక్కడ కూర్చుండగానే మా ఊరు జ్ఞాపకం వచ్చినది. మా చెరువుగట్టున ఒక శాసనపు రాయి ఉండేది. పైన సూర్యచంద్రుల గుర్తులు, క్రింద అరిగిపోయిన అక్షరాలు. చిన్నతనంలో దానిమీద నుండి నీటిలోకి దూకేవాళ్లము, ఊరివారు దానిమీద బట్టలు ఉదికేవారు. పట్టభద్రుడనై ఉద్యోగంలో చేరిన తరువాత దానిని ఒకసారి శాసనపరిశోధకులకు చూపవలెనని ఎన్నిసార్లో అనుకొన్నాను. ఒక కార్డు వ్రాస్తే సరిపోయేది. ఈ సంక్రాంతికి, వచ్చే ఉగాదికి అంటూ వాయిదా వేసినాను. ఒక ఏడు వెళ్లి చూస్తే రాయి లేదు. గట్టు వెడల్పు చేసినప్పుడు తూము పునాదిలో వేసినారన్నారు. అందులో ఏ రాజు పేరు ఉన్నదో, ఎవరు ఏ చెరువుకు ఎంత భూమి ఇచ్చినారో ఇక ఎవరికీ తెలియదు. పునాదిలో వేసినవారి తప్పుకన్న, అక్షరం వచ్చి ఊరకున్న నా తప్పే పెద్దదని ఆ పరదేశపు నూతిగట్టుమీద నాకు స్పష్టంగా తోచినది.

పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనకు ఉన్నది. ఇంగ్లండు ప్రజలకూ ఆ గుణం ఒకప్పుడు ఉండేది. వారి రాళ్లను వారు కాల్చుకొన్నారు, వారి మఠాలను వారు అమ్ముకొన్నారు. తరువాత ఒక న్యాయవాది, ఒక మురబ్బా వ్యాపారి, పేదల ఇండ్లు చూచే ఒక స్త్రీ, కొండ ఎక్కిన కొందరు కార్మికులు పూనుకొన్నందువల్ల మిగిలినవి నిలిచినవి. అందరూ రాజులూ మంత్రులూ కారు. శ్రోతలలో ఎవరి ఊరిలోనైనా గట్టుమీదనో గుడి ప్రక్కనో అక్షరాలున్న రాయి ఒకటి ఉన్నదేమో చూడండి. ఉంటే ఈ వారంలోనే పురావస్తుశాఖకు నాలుగు పంక్తుల ఉత్తరం వ్రాయండి. వచ్చే ఉగాదిదాకా ఆగవద్దు.